ఆయనకు ఖర్చవుతుంది... మనం తగలేస్తాం!

నెల మొదటి వారంలో మన ఇళ్లలో వినపడే మాటలు ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. పాలకు కట్టాలి, గ్యాసుకు ఇవ్వాలి, పిల్లాడి ఫీజు కట్టాలి, చీటీ డబ్బులు పంపాలి, పెళ్లికి చదివించాలి... ఒక్క డబ్బు చుట్టూ ఎన్ని మాటలో! వంకాయతో ఎన్ని రకాల కూరలు వండొచ్చో, ఖర్చుతో అన్ని రకాల మాటలు వండొచ్చు. ఏ మాట ఎవరికి వడ్డిస్తున్నాం అన్నదే మనం ఎప్పుడూ పట్టించుకోని విషయం.

ఈ ఆలోచన నాకు ఇంగ్లీషు పాఠం వల్ల వచ్చిందంటే నవ్వుతారేమో! ఆత్మకూరులో మా పక్కింటి అమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతోంది. ఇంగ్లీషులో సందేహం వస్తే పుస్తకం పట్టుకుని మా వంటింట్లోకే వచ్చేస్తుంది. నేనా, ఎప్పుడో డిగ్రీ చదివి, ఇప్పుడు కథలు రాసుకునేదాన్ని! ఓ సాయంత్రం పప్పు తాలింపు వేస్తుంటే వచ్చి, "అత్తా, ఫోర్క్ అవుట్ అంటే ఏంది? ఫోర్కు అంటే చెంచా లాంటిదే గదా, దాన్ని బయట పారెయ్యడమా?" అంది.

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే మా పుట్టిల్లు ఉదయగిరి వైపు. ఫోర్కు అన్న మాట వింటే మాకు ముందుగా గుర్తొచ్చేది హోటలు కాదు, ఇంగ్లీషూ కాదు. మా ఊళ్లో ఆడవాళ్లు చేత్తో చెక్కే చెక్క ఫోర్కులు!

ఉదయగిరి ఫోర్కు, ఇంగ్లీషు ఫోర్కు

ఉదయగిరి అనగానే చాలామందికి కొండమీది కోట గుర్తొస్తుంది. నెలల తరబడి ముట్టడి వేసి, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి గెలుచుకున్న కోట అది. కానీ ఆ కొండ కింద ఊళ్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా కొయ్యతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, తెడ్లు చెక్కుతాయి. నర్ది, బిక్కి, కల్ది లాంటి చెట్ల చెక్క వాడతారు. చెక్కను ఆరబెట్టి, గీత గీసి, ఉలితో తొలిచి, ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నన చేస్తారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఇంకో ఊరివాళ్లు ఎవరైనా చెంచాలు చేసి, వాటిని ఉదయగిరివని చెప్పి అమ్మకూడదన్నమాట.

ఇక ఇంగ్లీషు ఫోర్కు సంగతి. ఫోర్క్ అవుట్ అంటే ఇష్టం లేకపోయినా డబ్బు చేతిలోంచి తీసి ఇవ్వడం. ఉత్తి ఖర్చు కాదు, మనసొప్పని ఖర్చు! పాతకాలపు ఇంగ్లాండులో దొంగల భాషలో ఫోర్కులంటే వేళ్లట. జేబులో వేళ్లు పెట్టి డబ్బు బయటికి లాగడం నుంచి ఈ మాట పుట్టి ఉంటుందని చెబుతారు. ఎలా పుట్టినా, 19వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న మాట.

"పంపు రిపేరుకి మేము రెండు వేలు ఫోర్క్ అవుట్ చెయ్యాల్సి వచ్చింది" అన్నామనుకోండి, రెండు వేలు ఇచ్చామన్న సంగతితో పాటు, ఇస్తున్నప్పుడు మన మొహం ఎలా ఉందో కూడా ఆ మాటే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో దేనికి ఇచ్చామో చెప్పడానికి ఈ మాట తర్వాత 'ఫర్' గానీ 'ఆన్' గానీ వస్తుంది. ఫోర్క్ అవుట్ ఫర్ ఎ న్యూ పంప్ అంటారు. జరిగిపోయినదైతే ఫోర్క్‌డ్ అవుట్. అమెరికా వాళ్లు ఫోర్క్ ఓవర్ అని కూడా అంటారు. అది ఎక్కువగా ఎదుటివాడి చేతిలో పెట్టడం గురించి.

ఒక్కో మాటకు ఒక్కో మొహం

పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాటలన్నీ ఒకచోట పెట్టి చెబితే బాగా గుర్తుంటాయి. మా పక్కింటి అమ్మాయికి నేను చెప్పిన వరస ఇది.

షెల్ అవుట్: తొక్క ఒలిచి గింజలు బయటకు తీయడం. వేరుశనక్కాయలు ఒలిచే మనకు దీన్ని వేరే చెప్పాలా! ఎక్కువ మొత్తం, అదీ ఇష్టం లేకుండా ఇచ్చేటప్పుడు వాడతారు. ఫోర్క్ అవుట్‌కు తోబుట్టువు. దీని తర్వాతా 'ఫర్' వస్తుంది.

కాఫ్ అప్: దగ్గి బయటకు తేవడం. మనం 'కక్కించాడు' అంటాం చూశారా, అదే! బాకీ ఎగ్గొట్టాలని చూసినవాడి దగ్గర ముక్కు పిండి వసూలు చేస్తే ఈ మాట సరిగ్గా సరిపోతుంది. 'ఇట్' అని వాడితే అది మధ్యలోకి వచ్చేస్తుంది. కాఫ్ ఇట్ అప్ అనాలి గానీ, కాఫ్ అప్ ఇట్ అనకూడదు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇలాంటి చోటే.

స్ప్లాష్ అవుట్: నీళ్లు చిందినట్టు ఖర్చు పెట్టడం. ఇందులో బాధ లేదు, సరదా ఉంది. పెళ్లిరోజుకు మంచి చీర కొనుక్కున్నాం అనుకోండి, స్ప్లాష్‌డ్ అవుట్ ఆన్ ఎ శారీ అనాలి. దీని వెంట 'ఆన్' వస్తుంది.

డిప్ ఇంటు: దాచుకున్న దాంట్లో చెయ్యి పెట్టడం. పోపుల డబ్బాలో దాచిన నోట్లు ఆసుపత్రికి తీశామంటే అదే!

ఒక జాగ్రత్త. ఇవన్నీ నోటి మాటలు. స్నేహితురాలికి ఉత్తరం రాస్తే ముచ్చటగా ఉంటాయి. బ్యాంకుకు రాసే అర్జీలోనో, ఉద్యోగం ఇంటర్వ్యూలోనో వద్దు. అక్కడ స్పెండ్, పే చాలు.

మన మాటలు తక్కువా?

ఇంత చెప్పాక ఆ పిల్ల, "ఇంగ్లీషులో డబ్బుకి ఎన్ని మాటలుండాయి అత్తా!" అని ఆశ్చర్యపోయింది. నాకు రోషం వచ్చింది. మనకేం తక్కువ?

'చేతి చమురు వదిలింది' అంటాం. ఎవరికోసమో మన డబ్బు పోయినప్పుడు. 'తడిసి మోపెడయింది' అంటాం. మోసుకొచ్చే మూట వానకు తడిస్తే బరువు పెరిగినట్టు, అనుకున్న ఖర్చు పెరిగిపోయినప్పుడు. ఇల్లు కట్టించిన వాళ్లను అడగండి, ఈ మాట అర్థం ఏమిటో కన్నీళ్లతో చెబుతారు! 'జేబుకు చిల్లు' పడుతుంది. 'క్షవరం' అవుతుంది. 'మూడు వేలు సమర్పించుకున్నాం' అంటాం, దేవుడికి నైవేద్యం పెట్టినంత భక్తిగా, మెకానిక్కు గురించి! పెళ్లిలో కట్నాలు ఇచ్చినవాళ్ల పేర్లు పైకి చదివేవారు గనక అవి చదివింపులయ్యాయి. అక్కణ్నుంచి, ఎక్కడైనా డబ్బు వదిలితే 'చదివించుకున్నాం' అని ఎగతాళిగా అంటున్నాం. ఫోర్క్ అవుట్‌కి ఇంతకన్నా అందమైన తెలుగు ఉంటుందా!

అయితే ఈ వరస చెబుతూ ఉండగా నాకో సంగతి తట్టింది. ఇంగ్లీషు మాటలన్నిటికీ ఎవరు ఇచ్చారో చెప్పాలి. నేను ఇచ్చాను, ఆయన ఇచ్చాడు, వాళ్లు ఇచ్చారు. మనిషి లేకుండా ఫోర్క్ అవుట్ లేదు. మన తెలుగులో అలా కాదు. 'ఖర్చయింది' అంటే చాలు. ఎవరు చేశారో అక్కర్లేదు. వాన పడింది, పొద్దు పోయింది, ఖర్చయింది!

మరి ఈ 'అయింది' అందరికీ సమానంగా దొరుకుతోందా? అదే ప్రశ్న.

అయింది... పెట్టింది... తగలేసింది

నాలుగు రోజులు పని గట్టుకుని మా వీధిలో మాటలు విన్నాను. కూరగాయల బండి దగ్గర, చీటీ పాట దగ్గర, బస్సులో. మీరూ విని చూడండి.

మగవాళ్లు బండి రిపేరు చేయిస్తే 'ఖర్చయింది.' స్నేహితులతో తిరుపతి వెళ్లొస్తే 'నాలుగు వేలయింది.' అదే ఇంటావిడ పిల్లకు గౌను కొంటే 'డబ్బులు తగలేసింది.' పుట్టింటికి వెళ్లొస్తే 'ఛార్జీలకే ఇంత తగలబెట్టింది.' గిన్నె మాడిందని కొత్త గిన్నె కొంటే 'దీనికి దుబారా ఎక్కువ.' ఒకే నోటు ఆయన చేతిలోంచి పోతే వాన లాగా కురిసిపోతుంది. మన చేతిలోంచి పోతే మంట పెట్టినట్టు!

ఆడవాళ్లం మనమేమన్నా తక్కువా? మన గురించి మనమే అలా చెప్పుకుంటాం. "ఏందోనమ్మా, పండక్కి ఒక చీర తగలేశా" అంటాం సిగ్గుపడుతూ. ఏడాదికోసారి కొనుక్కునే చీర అది! ఉగాదినాడు పంచాంగంలో ఆదాయం 2, వ్యయం 14 అని చదవగానే అందరూ ఎవరివైపు చూస్తారు? ఇంటావిడ వైపే! ఆ పద్నాలుగూ ఆవిడే చేసినట్టు.

ఇప్పుడు ఫోను కాలం వచ్చింది. డబ్బు కట్టగానే ఖాతాలోంచి ఇంత డెబిట్ అయిందని కబురొస్తుంది. బ్యాంకుకు తగలెయ్యడం తెలీదు, పాపం! కానీ చాలా ఇళ్లలో ఆ కబురు వచ్చేది ఆయన ఫోనుకే. "ఇప్పుడు ఎనిమిదొందలు ఎక్కడ తగలేశావ్?" అని ఫోను మోగేదీ అక్కణ్నుంచే.

'మాటల్లో ఏముంది లెండి' అని మీరనొచ్చు. ఉంది. దానికి మన తెలుగులోనే ఒక పాత సాక్ష్యం ఉంది.

'సెలవు' అంటే ఏమిటి?

చెన్నైలో మన బంధువులెవరైనా ఉంటే అడగండి. తమిళంలో ఖర్చును సెలవు అంటారు. మన పాత తెలుగులోనూ సెలవుకు ఖర్చు అన్న అర్థం ఉంది. తర్వాత ఉర్దూ దారిలో వచ్చిన ఖర్చు అన్న మాట ఇంట్లో స్థిరపడిపోయింది. సెలవు మాత్రం బడి సెలవుగా, 'సెలవిప్పించండి' అనే అనుమతిగా మిగిలింది.

ఖర్చూ, అనుమతీ... రెండూ ఒకే మాటలో! భాషాపండితులు దీనికి వేరే కారణాలు చెప్పొచ్చు గానీ, గృహిణిగా నాకు మాత్రం ఇందులో మన బతుకే కనిపించింది. మనకు ఖర్చంటే ఎప్పుడూ సెలవే కదా. ముందు సెలవు అడగాలి, తర్వాత సెలవు చెయ్యాలి. సంపాదించే ఆడవాళ్లలో కూడా ఎంతమంది తమ జీతంలోంచి వెయ్యి రూపాయలు ఎవరినీ అడక్కుండా తీసుకోగలరు? చెయ్యెత్తండి చూద్దాం!

దూబగుంట లెక్క

ఖర్చు ఎవరిది, లెక్క ఎవరిది అని గట్టిగా అడిగిన ఆడవాళ్లు ఎక్కడో లేరు. మా ఉదయగిరి చుట్టుపక్కలే ఉన్నారు. కలిగిరి మండలం దూబగుంట పేరు వినని వాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో ఉండరనుకుంటా.

నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరుతో సాక్షరతా కార్యక్రమం మొదలైంది. పగలంతా పొలంలో పని చేసొచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతర్ల చుట్టూ చేరి అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సీతమ్మ అనే పల్లెటూరి మనిషి తోటి ఆడవాళ్లను కూడగట్టి ఊళ్లో సారా అంగడి మూయించే కథ. చదువుకున్నవాళ్లం మనం పాఠాలు చదివి పరీక్ష రాసి మర్చిపోతాం. దూబగుంట ఆడవాళ్లు పాఠం చదివి, లేచి, చీర చెంగులు బిగించి సారా అంగడి మీదికి వెళ్లారు! 1992లో అక్కడ రాజుకున్న ఉద్యమం ఊరూరూ పాకింది. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఉద్యమానికి ముందు నడిచిన దూబగుంట రోశమ్మ 2016లో కన్నుమూసింది.

ఈ చరిత్ర మీకు తెలిసిందే. నేను చెప్పదల్చుకున్నది అందులోని లెక్క గురించి. కూలి డబ్బు సారా అంగట్లో 'అయిపోయేది.' దానికి ఎవరూ బాధ్యులు కాదు, అది అయ్యేది, అంతే! ఇంటికి ఉప్పూ పప్పూ తెచ్చిన ఆడమనిషే 'తగలేసేది.' ఆ రాత్రిబడుల్లో ఆడవాళ్లు అక్షరాలతో పాటు అంకెలూ నేర్చుకున్నారు. అయిపోయిన డబ్బు దానంతటదే అవలేదని, ఒకరు పోశారని, ఒకరు తాగారని, ఇంకొకరు లాభం తీసుకున్నారని లెక్క కట్టారు. ఖర్చుకు మనిషిని చూపించారు. నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద వ్యాకరణ పాఠం లేదు!

ఆ తర్వాతే ఇదే జిల్లాలో పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకో రూపాయి. నెలకు ముప్ఫై. మొన్నటిదాకా సారాకు పోయే డబ్బులోంచి మిగిలించి, పదీ పదిహేను మంది ఆడవాళ్లు కలిసి దాచుకోవడం మొదలుపెట్టారు. ఈనాటి మహిళా సంఘాలకు ఆ రూపాయి నీళ్లు పోసింది. ఆ సంఘం పుస్తకంలో ఎవరి పేరు మీద ఎంత ఉందో రాసి ఉంటుంది. మెట్ట ప్రాంతపు ఆడమనిషి పేరు పక్కన అంకె పడింది అక్కడే!

చెంచాలు చెక్కే ఇంట్లో

ఉదయగిరిలో మా అమ్మవాళ్ల వీధికి దగ్గర్లో చెంచాలు చెక్కే ఆమె ఒకామె ఉంది. పేరు రాయను, ఆమె కూడా వద్దంది. వెళ్లినప్పుడల్లా పది నిమిషాలు ఆమె వసారాలో కూర్చుంటాను. ఒళ్లంతా చెక్కపొడి. చూపుడువేలు మీద పాత గాట్లు. "చెంచా గుంట తియ్యడం ఎంతసేపక్కా! ఫోర్కుకి పళ్లు తియ్యడమే కష్టం. ఒక పన్ను ఇరిగిందంటే అంతా పొయ్యిలోకే" అంటుంది.

ఆమె పెద్ద కూతురు నర్సింగు చదువుతోంది. ఇంటర్ అయ్యాక సీటు వచ్చినప్పుడు మొదటి ఏడాదికి ముప్ఫై వేలు కట్టమన్నారట. ఇంటాయన మంచివాడే. తాగడు, తిట్టడు. కానీ "ఆడపిల్లకి అంత దూరం చదువు ఎందుకు, నేను యాడ తెచ్చేది?" అన్నాడు. ఈమె సంఘంలో అప్పు తీసుకుంది. చెంచాల డబ్బు కలిపింది. కట్టింది.

అదే ఏడాది ఆయన పాత మోటారుసైకిలు ఒకటి కొన్నాడు. "బండికి ఇరవై ఎనిమిది వేలయింది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. కూతురి సంగతి వస్తే మాత్రం, "వాళ్లమ్మ ఉండే డబ్బంతా కాలేజీకి తగలేసింది" అనేవాడట.

"బండికి అయిందంట, బిడ్డకి తగలేశానంట. ఇదేం లెక్కక్కా?" అని ఆమె నన్నడిగింది. ఉలి ఆపకుండానే అడిగింది. నేను వీధిలో నాలుగు రోజులు తిరిగి కనిపెట్టిన సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పేసింది!

రెండో ఏడాది ఫీజు దగ్గర పడింది. మరిది వచ్చి, "ఇంక చాలు వదినా, పిల్లను మానిపించి సంబంధం చూద్దాం. ఇప్పటికే తగలేసింది చాలదా?" అన్నాడు. ఆ మాటకు ఆమె లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చిందట. ఏ తేదీన ఎన్ని చెంచాలు ఇచ్చింది, ఎంత వచ్చింది, సంఘానికి ఎంత కట్టింది, కాలేజీకి ఎంత కట్టింది అన్నీ అందులో ఉన్నాయి. "తగలెయ్యలేదయ్యా, పెట్టినా. తగలేసిన దానికి బూడిదొస్తది. పెట్టిన దానికి పంటొస్తది. బిడ్డ నర్సయితే మీరే చూస్తారు గదా!" అంది.

ఆయన ఏమీ మాట్లాడలేదట. రాత్రి ఆ పుస్తకం తీసుకుని పేజీ పేజీ చూశాడట. తన బండి ఖర్చు అందులో లేదు. కానీ బండికి కట్టిన మొదటి ఐదు వేలూ చెంచాల డబ్బులోంచే ఇచ్చిందన్న సంగతి ఆ పుస్తకంలో ఉంది. వారం తర్వాత రెండో ఏడాది ఫీజులో సగం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మొహం ఎలా ఉందో ఆమె చెప్పలేదు. ఇంగ్లీషువాళ్లయితే ఫోర్క్ అవుట్ చేశాడంటారేమో!

కథల్లో లాగా అంతా సుఖాంతం అని చెప్పను. మూడో ఏడాది, నాలుగో ఏడాది ఫీజులు ఇంకా ఉన్నాయి. సంఘం అప్పు సగం తీరాలి. మరిది ఇంకా అలిగే ఉన్నాడు. కానీ పిల్ల చదువు ఆగలేదు. 'తగలేసిన' డబ్బు అనే మాట మీదే ఆ ఇల్లు నిలబడి ఉంటే ఆ పిల్ల ఈపాటికి పుస్తకాలు మూసేసేది. తగలబడిపోయిన దాని మీద ఇంకో రూపాయి ఎవరు వేస్తారు? పెట్టిన దాని మీద అయితే, పంట చేతికొచ్చేదాకా ఇంకో తడి పెడతారు. ఒక్క మాట తేడాతో ఒక పిల్ల దారి అటో ఇటో అయ్యేది. మాటల్లో ఏముంది అన్నవాళ్లకు నా జవాబు ఇదే.

'పెట్టు' ఎంత మంచి మాట!

ఆమె వాడిన ఆ 'పెట్టడం' చూడండి. అన్నం పెడతాం. దీపం పెడతాం. బొట్టు పెడతాం. పేరు పెడతాం. ఖర్చు పెడతాం. పెట్టుబడి కూడా ఈ 'పెట్టు' లోంచి పుట్టిందే! షాపు పెట్టినవాడు సరుకుకు ఇచ్చిన డబ్బు పెట్టుబడి అయినప్పుడు, ఇల్లు నడిపే మనిషి పిల్లల తిండికి, చదువుకు, ముసలివాళ్ల మందులకు ఇచ్చిన డబ్బు తగలెయ్యడం ఎట్లా అవుతుంది?

అలాగని మనం చేసే ఖర్చంతా పెట్టుబడే అనడం లేదు. అవసరం లేని ప్లాస్టిక్ డబ్బాలు, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం అని తెచ్చుకునే సరుకులు మన ఇళ్లలోనూ ఉన్నాయి. దుబారాను దుబారా అనాల్సిందే. కాకపోతే ఆయన దుబారానూ అదే పేరుతో పిలవాలి. తూకం ఒకటే ఉండాలి, అంతే.

నాకు తోచిన చిన్న పనులు కొన్ని చెబుతాను. చేసి చూడండి.

ఒక నెలపాటు ఇంటి లెక్క రాయండి. ఎంత అన్నది ఒక గడిలో, దేనికి అన్నది ఒక గడిలో, ఎవరు పెట్టారన్నది మూడో గడిలో. ఈ మూడో గడి చాలా ముఖ్యం. 'అయింది' అన్న మాట ఆ పుస్తకంలో రాయకూడదని నియమం పెట్టుకోండి.

మీరు సంపాదిస్తున్నా లేకపోయినా, మీ పేరు మీద ఒక ఖాతా, ఆ ఖాతా కబుర్లు మీ ఫోనుకే వచ్చే ఏర్పాటు ఉండాలి. ఇది పోట్లాట కోసం కాదు. రేపు ఏదైనా అవసరం వస్తే ఎక్కడ ఎంత ఉందో ఇంట్లో ఇద్దరికీ తెలియాలి.

ఆడపిల్లల ముందు 'నీ చదువుకి తగలేశాం', 'నీ పెళ్లికి తగలేశాం' అనకండి. ఆ పిల్ల తనను తాను ఆ ఇంటి మీద పడ్డ నిప్పులా అనుకుంటూ పెరుగుతుంది. మగపిల్లవాడి ముందు 'నాన్నకి ఖర్చయింది, అమ్మ తగలేసింది' అనకండి. రేపు వాడూ అలాగే మాట్లాడతాడు.

ఇక మన గురించి మనం. ఏడాదికోసారి చీర కొనుక్కుంటే 'తగలేశా' అనొద్దు. 'కొనుక్కున్నా' అనండి. సినిమాకు వెళ్తే 'చూసొచ్చా' అనండి. ఒక్కసారి అలవాటైతే నోరు తిరగడం ఏమంత కష్టం కాదు.

ఈ మధ్య మా వారు కొత్త టైర్లు వేయించి, "నాలుగు వేలయింది" అన్నారు. "అయిందా, పెట్టారా?" అని అడిగాను. కాసేపు నా వంక చూసి, "పెట్టాన్లే తల్లీ" అని నవ్వేశారు. ఇంట్లో ఈ ప్రశ్న నవ్వుతూ అడగొచ్చు. నవ్వుతూనే అడుగుదాం. కానీ అడగడం మాత్రం మానొద్దు.